సామాను దగ్గర ఎవరుంటారు?

ఇటు జరుగు అమ్మలూ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఊఁ కొడతానంటేనే చెప్తాను. మధ్యలో ఊఁ ఆపేశావంటే కథ కూడా అక్కడే ఆగిపోతుంది, పొద్దున్న లేచి నన్ను సాధిస్తే లాభం లేదు.

అనగనగా అంటే మరీ రాజుల కాలం కాదు, జీపులొచ్చిన తర్వాతే. కాలవ పక్కన ఒక ఊళ్ళో వరహాలు అని ఒకావిడ ఉండేది. గవర్రాజు పెళ్ళాం, సూరాయమ్మ కోడలు. ఆవిడకో కూతురు, పేరు రత్నం. ఇంచుమించు నీ అంతే ఉండేది, నీలాగే వాగుడుకాయ.

వరహాలుని అందరూ నోట్లో నాలుక లేని మనిషి అనేవారు. నాలుక లేకేం, ఉంది. ఆ ఇంట్లో దానికి పని పడలేదంతే.

ఆ ఇంట్లో వాళ్ళకి ఊళ్ళు తిరగడమంటే మహా సరదా. పిల్లలకి బడికి సెలవులిచ్చారంటే చాలు, మూటాముల్లే కట్టుకుని ఎక్కడికో అక్కడికి బయల్దేరేవారు. బయల్దేరితే సామానుంటుంది కదా. అందరూ చూడ్డానికి పోతే సామాను దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ వరహాలే.

మొదటిసారి కొత్తకోడలు గనక కూర్చుంది. రెండోసారి కూర్చోమన్నారు గనక కూర్చుంది. మూడోసారికి ఇక చెప్పనక్కర్లేకపోయింది. గవర్రాజు ఆవిడ ముందు చెప్పులు విడిచి, "నీకు అలవాటేగా" అనేసి వెళ్ళిపోయేవాడు.

అలవాటంట. ఎవడు చేశాడే ఆ అలవాటు? ఆ మాట వింటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. సరే, నా మంట నాది, నువ్వు కథ విను.

అలా వరహాలు విశాఖపట్నం వెళ్ళింది. సముద్రం చూడలేదు, చప్పుడు విన్నది. ఆ తర్వాత సింహాచలం వెళ్ళింది. మెట్ల కింద అందరి చెప్పులూ చూసింది. ఆ తర్వాత గోదారి మీద లాంచీ ఎక్కింది. అదీ కింద గదిలో, బుట్టలకీ బిందెలకీ మధ్య. ఇంటికొచ్చాక అమ్మలక్కలు చేరి ఎలా ఉందమ్మా అంటే, బావుందండీ అనేది. అనేసి పొయ్యి దగ్గరికి పోయి కూర్చునేది. ఏడుపొచ్చేది ఆవిడకి. చూసినవాళ్ళు పొగ అనుకునేవారు.

ఊఁ కొట్టవేం? ఆఁ, అలాగ.

అప్పుడేమైందంటే, ఒక వేసవిలో గవర్రాజు చెల్లెలు కనకం పుట్టింటికొచ్చింది, మొగుడు త్రిమూర్తులుగారిని వెంటబెట్టుకుని. అల్లుడుగారొస్తే ఎండలో ఇంట్లో కూర్చోబెడతామా, మన్యం తీసుకెళ్ళి కొండలు చూపిద్దాం అంది సూరాయమ్మ. మలుపులు తిరిగే ఘాట్ రోడ్డట, లోయలట, వాగు మీద ఊగే వంతెనట, అన్నిటికీ చివర పాలధార అని పెద్ద జలపాతమట.

ఆ మాట వరహాలు వంటింట్లోంచి విన్నది. కొండ మీంచి నీళ్ళు పడితే ఎలా ఉంటుందో ఆవిడకి తెలీదు. ఈసారి నేను చూస్తాను, ఏమైనా సరే చూస్తాను అని గట్టిగా అనుకుంది. పైకి మాత్రం ఏమీ అనలేదు. చింతపండు నానబెట్టి, తెల్లారకుండానే లేచి గిన్నెడు పులిహోర కలిపింది. చేగోడీలు డబ్బాకెత్తింది. మరచెంబుల్లో నీళ్ళు పోసి మూతలు బిగించింది.

జీపొచ్చింది. టాపు జీపు, తలుపులుండవు, తాళాలుండవు. డ్రైవరు యేసుబాబు మంచి కుర్రాడు. ముందు సీట్లో అల్లుడుగారు, ఆయన పక్కన గవర్రాజు. వెనకాల సూరాయమ్మ, కనకం, రత్నం. ఇక అన్నిటికన్నా చివర, సామాను ఒళ్ళో పెట్టుకుని వరహాలు. ముందుకొచ్చే దారి వాళ్ళందరికీ కనపడుతుంది, వెనక్కి పోయే దారి ఈవిడకి కనపడుతుంది.

అయినా బావుందే. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే గాలి చల్లబడింది. వెదురు పొదలు రోడ్డు మీదికి వంగి జీపు టాపుని రాసుకుంటున్నాయి. మలుపు దగ్గర యేసుబాబు హారను కొట్టడం, జీపు తిరగడం, ఇందాక ఎక్కిన రోడ్డు అడుగున తాడు ముక్కలా కనపడ్డం. రత్నం చప్పట్లు కొట్టింది. అల్లుడుగారు మాత్రం రెండో మలుపుకే గురక పెట్టారు. ముందు సీటు ఆయనకిచ్చింది నిద్రపోడానికి కాబోలు.

మొదట లోయ కనపడే చోట జీపు ఆపారు. కొండ అంచున రెయిలింగు కట్టారు, అక్కడ నిలబడితే కొండల మీద మంచు లేవడం కనిపిస్తుందని చెప్పాడు యేసుబాబు. అందరూ దిగారు. వరహాలు కూడా ఒక కాలు కింద పెట్టింది. గవర్రాజు వెనక్కి తిరిగి చూసి, నువ్వెక్కడికి, సామాను దగ్గర ఎవరుంటారు అన్నాడు.

అప్పుడు యేసుబాబు, మీరెళ్ళండి అక్కా, సామాను నేను చూస్తాను అన్నాడు. సూరాయమ్మ ఊరుకుంటుందా? డ్రైవరు సామానుకి కాపలా కాస్తే డ్రైవరుకెవరు కాపలా కాస్తారు అనేసింది, అతనికి వినపడేలాగే. పాపం ఆ కుర్రాడి మొహం వాడిపోయింది. వరహాలుకి సిగ్గేసింది. తన మూలంగా అతను మాట పడ్డాడని కాలు మళ్ళీ పైకి లాక్కుంది.

వాళ్ళు తిరిగొచ్చి ఒకటే కబుర్లు. కొండ వెనకాల కొండట, దాని వెనకాల ఇంకో కొండట. కనకమైతే, వదినా అది నువ్వు చూసి తీరాల్సిందే అంది. చూసి తీరాలట. ఎలా చూస్తుందమ్మా, నీ సంచి ఒళ్ళో పెట్టుకునా?

ఆ తర్వాత ఊగే వంతెన దగ్గర ఆపారు. కింద వాగు, మీద ఇనుప తాళ్ళు, తాళ్ళ మీద చెక్కలు. ఈసారి వరహాలు నోరు విప్పింది. నేనూ వస్తానండీ, కనకం కాసేపు కూర్చుంటుంది అని మొగుణ్ణి అడిగింది. గట్టిగా కూడా కాదు, నెమ్మదిగానే అడిగింది. దానికే సూరాయమ్మ అంతెత్తున లేచింది. పుట్టింటికొచ్చిన ఆడపిల్లని కాపలా పెడతావా, అల్లుడుగారు ఏమనుకుంటారు అంది. అల్లుడుగారు ఏమీ అనుకోలేదు, ఆవులిస్తున్నారు.

ఆపాటికే రత్నం వంతెన వైపు పరిగెత్తింది. సూరాయమ్మ దాని రెక్క పట్టుకుని వెనక్కి తెచ్చి, జీపులో కూర్చోబెట్టింది. కూర్చోబెట్టి ఏమందో తెలుసా?

"మీ అమ్మ పక్కన కూర్చో. రేపు నీ అత్తారింట్లో నువ్వూ కూర్చోవాలిగా, ఇప్పట్నుంచే అలవాటవ్వాలి."

రత్నం ఏడుస్తుందనుకున్నావు కదూ? ఏడవలేదు. ఏడ్చినా బావుండేది. ఏడవకుండా ఒక సంచి ఒళ్ళోకి లాక్కుని, అమ్మ ఎలా పట్టుకుంటుందో అలాగే రెండు చేతులూ చుట్టేసి పట్టుకుని కూర్చుంది. కాసేపాగి, అమ్మా, వంతెన ఊగుతుంటే భయమేస్తుందా అని అడిగింది.

నాకు తెలీదమ్మా అంది వరహాలు.

ఇన్ని ఊళ్ళు తిరిగిన తల్లి, కన్నకూతురు ఇంత చిన్న మాట అడిగితే నాకు తెలీదు అనాల్సొచ్చింది. రేపు దీని కూతురు అడిగితే ఇదీ అదే మాట చెప్తుందా? అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి. తనని కూర్చోబెట్టినన్నాళ్ళూ ఏడుపొచ్చింది గానీ కోపం రాలేదు. పిల్లని కూర్చోబెట్టగానే వచ్చింది.

ఇంకా మెలకువగానే ఉన్నావా? ఉండు మరి, అసలు సంగతి ఇప్పుడే మొదలు.

మూడోది పాలధార. జీపు రోడ్డు పక్కన ఆగేసరికి నీళ్ళ చప్పుడు కింద నుంచి హోరుమంటోంది. ఇంజను వేడెక్కిందని యేసుబాబు డబ్బా పట్టుకుని నీళ్ళకి పోయాడు. అందరూ దిగి ఒక్కొక్కటీ తీసి వరహాలు ఒళ్ళో పడేయడం మొదలుపెట్టారు. అల్లుడుగారు వాచీ విప్పి పెట్టారు. కనకం చేతిసంచి పెట్టింది. ఆ తర్వాత గవర్రాజు, నీళ్ళల్లో దిగాలి కదా, చొక్కా విప్పి ఇటు చూడకుండానే చెయ్యి చాచాడు.

వరహాలు అందుకోలేదు.

చొక్కా మట్టిలో పడింది. గవర్రాజు తిరిగి చూశాడు. చొక్కా కింద పడింది కనపడట్లేదా అన్నాడు. కనపడుతోందండీ, తీసుకోండి అంది వరహాలు. అని ఒళ్ళో ఉన్న వాచీ, చేతిసంచీ ఎవరివి వాళ్ళకిచ్చేసింది. పులిహోర గిన్నె సీటు మీద పెట్టింది. రత్నం ఒళ్ళోని సంచి కూడా తీసి పక్కన పెట్టి, దాని చెయ్యి పట్టుకుని జీపు దిగింది.

"నేను సామాను దగ్గర ఉండను. నా కూతురూ ఉండదు. ఎవరి సామాను వాళ్ళు చూసుకోండి."

నోట్లో నాలుక లేదన్న మనిషి కదా, అందరికీ నోళ్ళు పడిపోయాయి. ముందుగా తేరుకున్నది సూరాయమ్మ. ఆవిడ నెత్తీ నోరూ బాదుకుంది. నువ్వొక్కదానివే కాశావా, నేను కాయలేదా, నువ్వు కాపరానికొచ్చేదాకా మా అత్తగారి మూటలు కాసింది ఎవరు, నేను నోరెత్తానా అంది. అబద్ధం కాదది. కాసింది పాపం.

వరహాలు వెనక్కి తగ్గలేదు. "మీరు కాశారని నేనూ కాశాను అత్తయ్యగారూ. నేను కాశానని ఇదీ కాయాలంటే మాత్రం కుదరదు."

అప్పుడు గవర్రాజుకి పౌరుషం వచ్చింది. ఇంటల్లుడి ముందు పెళ్ళాం తన మాట వినకపోతే పరువేం కావాలి? నువ్వు ఒక్కడుగు వేశావంటే నిన్నూ నీ కూతుర్నీ ఈ కొండల్లో వదిలేసి పోతాం అన్నాడు. పొండి, సాయంత్రం బస్సొస్తుంది, రాకపోతే నడిచొస్తాం అంది వరహాలు. తాటాకు చప్పుళ్ళకి బెదిరే రోజులు అయిపోయాయి ఆవిడకి. నిజం చెప్పొద్దూ, లోపల భయం వేసింది. అన్నంత పనీ చేసే మనిషే వాడు. ఆ భయంతోనే కుచ్చిళ్ళు ఎగదోపి, రత్నాన్ని ముందు పెట్టుకుని దారి దిగిపోయింది.

ఇక పైన చూడు తమాషా. సామాను దగ్గర ఎవరుంటారు? త్రిమూర్తులుగారు ఆకాశం వైపు చూశారు. అల్లుడాయె, ఆయన్నెవరు అడుగుతారు? కనకం నాకు కళ్ళు తిరుగుతున్నాయి, నీళ్ళు మొహాన కొట్టుకోవాలి అంది. గవర్రాజు చొక్కా దులుపుకుంటూ, నేనెళ్ళి దాన్ని జుట్టు పట్టి లాక్కొస్తాను అన్నాడు. అన్నాక తల్లి వైపు తిరిగాడు.

"నువ్వు కాసేపు ఇక్కడ కూర్చోవే అమ్మా. నీకు అలవాటేగా."

ముగ్గురూ దిగి వెళ్ళిపోయారు.

ఒక్కతే మిగిలింది ముసలావిడ. జీపు మెట్టు మీద కూర్చుని ముందు కోడల్ని తిట్టింది. దాని వంశాన్ని తిట్టింది. తిట్లన్నీ అయిపోయాక చేసేదేం లేక ఊరికే కూర్చుంది. ఊరికే కూర్చుంటే ఆ మాట చెవిలో మళ్ళీ వినపడింది. అలవాటేగా అన్నాడు. కడుపున పుట్టిన కొడుకు, చేతులారా అన్నం కలిపి పెట్టిన కొడుకు అన్నాడు.

అప్పుడావిడకి పుష్కరాలు గుర్తొచ్చాయి. పడుచుతనంలో అత్తగారితో రాజమండ్రి వెళ్ళింది. ఇంటిల్లిపాదీ గోదాట్లో మునిగారు. ఈవిడ గట్టు మీద మూటల దగ్గర కూర్చుంది. అత్తగారు చెంబుతో ఇన్ని నీళ్ళు తెచ్చి నెత్తిన చల్లి, నీకూ స్నానం అయిపోయిందిలే, పద అంది. సరేనండీ అని లేచొచ్చేసింది. గోదారి ఎదురుగా ఉంది, కాలు కూడా తడవలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తనకి బాధేసిందని తనకి కూడా చెప్పుకోలేదు. ఇప్పుడు ఇన్నేళ్ళకి, ఎవరూ లేని ఆ రోడ్డు మీద వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏడుస్తుంటే కోతులొచ్చాయి. ఒకటి టాపు మీదెక్కింది, ఒకటి సీటెక్కింది, ఒక పిల్లకోతి పులిహోర గిన్నె మూత మీద చెయ్యేసి సూరాయమ్మ వైపు చూసింది. సూరాయమ్మ కర్ర తీసింది. ఎత్తింది కూడా. ఎత్తిన కర్ర పక్కన పారేసింది.

కింద ఏం జరుగుతోందంటావా? చెప్తున్నా, చెప్తున్నా.

వరహాలు దారి మలుపు తిరిగేసరికి ఎదురుగా పాలధార. కొండ నెత్తి మీంచి తెల్లగా దూకుతోంది నీళ్ళ ధార. బండల మీద పడి ముక్కలై, తుంపర్లు లేచి మొహాన కొడుతున్నాయి. వరహాలు అలా నిలబడిపోయింది. ఆనందం ఎక్కువై ఏం చెయ్యాలో తెలీలేదు. రత్నం, అమ్మా రా అని చెయ్యి లాగితే చీరతోనే నీళ్ళలోకి దిగి ధార కింద నిలబడింది. చలికి పళ్ళు టకటక కొట్టుకున్నాయి. అయినా పక్కకి జరగలేదు.

గవర్రాజు ఒడ్డున బండ మీద నిలబడి అరిచాడు. బయటికి రా, నీ సంగతి చెప్తాను అని అరిచాడు. వినపడట్లేదండీ అంది వరహాలు. ఇంకా గట్టిగా అరిచాడు. వినపడట్లేదండీ అంది మళ్ళీ. వినపడిందే, బాగానే వినపడింది. నీళ్ళ కింద నిలబడ్డ మనిషికి ఏది వినపడాలో అదే వినపడుతుంది. చుట్టూ ఉన్న జనం గవర్రాజుని చూసి నవ్వారు. త్రిమూర్తులుగారు కూడా నవ్వి, నవ్వినట్టు కనపడకుండా దగ్గారు.

అంతలో కనకం దారి వైపు చెయ్యి చూపించింది. చూస్తే సూరాయమ్మ. చెప్పుల్లేవు. చెట్ల వేళ్ళు పట్టుకుని, కూర్చుని ఒక మెట్టు, లేచి ఒక మెట్టు దిగుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో ఒక్క సంచీ లేదు.

గవర్రాజు కంగారుపడ్డాడు. "అదేంటమ్మా, సామాను దగ్గర ఎవరున్నారు?"

"కోతులున్నాయిలేరా. నాలుగు రోజులు కూర్చుంటే వాటికీ అలవాటవుతుంది."

అనేసి కొడుకు పక్క నుంచి తిన్నగా నీళ్ళలోకి వెళ్ళింది. గవర్రాజుకి అర్థమయ్యేలోపే త్రిమూర్తులుగారు, అయ్యో నా సూట్‌కేసు అని పైకి పరిగెత్తారు. ఆయన వెనకాల గవర్రాజు, చొక్కా ఒక చేత్తో, పంచె ఒక చేత్తో. ఆ పూట నీళ్ళు వదిలేసి సామాను దగ్గరికి పోయినవాళ్ళు ఇద్దరే, ఆ ఇద్దరూ మగాళ్ళే.

సూరాయమ్మ ధార దగ్గరికొచ్చి కోడలి ముందు నిలబడింది. క్షమించమని అడుగుతుందనుకున్నావా? ఆ కాలం అత్తగార్లకి ఆ మాట నోరు తిరగదు. జరగవే, అంతా నీ ఒక్కదానికేనా అంది. వరహాలు జరిగింది. బండ మీద పాచి ఉంది గదా, ముసలావిడ జారకుండా భుజం ఇచ్చింది. సూరాయమ్మ ఆ భుజం పట్టుకుని, కళ్ళు మూసుకుని, తల పూర్తిగా ధార కింద పెట్టింది. తల మీంచి భుజాల మీదికి, భుజాల మీంచి పాదాల దాకా నీళ్ళు. చాలాసేపు అలాగే ఉంది. కళ్ళు తెరిచి రత్నాన్ని దగ్గరికి లాక్కుని, దాన్ని కూడా ధార కిందికి నెట్టింది.

పైన సామాను ఏమైందంటావా? నువ్వు కూడా వాళ్ళ ఇంటి మనిషివేనటే? సామాను సంగతి నాకేం తెలుసు. నేను నీళ్ళ దగ్గరున్న వాళ్ళ కథ చెప్తున్నాను.

కథ పోయె కంచికి,
కోతి పోయె కొండకి,
పులిహోర కోతి పొట్టకి,
మగవాళ్ళు మూట దగ్గరికి,
మనమేమో నీళ్ళకి.
ఇక నిద్దరేమో నీ కళ్ళకి,
రేప్పొద్దున ఎవరేమన్నా తగ్గకు ఎవ్వరికి.